గణాంక పట్టభద్రునికి ఉద్యోగమా? : నాడు - నేడు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, దేని గురించి వ్రాయాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. విషయం మన నెలవారీ సమావేశంలోనే దొరికింది. టీ తాగుతుండగా ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచి, "ఏమండీ, మీరు గణాంక శాఖలో పనిచేశారు గదా! మా మనవరాలు డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకుంటానని పట్టుబట్టింది. ఇంజనీరింగు వద్దంటోంది. ఆ చదువుకు ఉద్యోగం వస్తుందంటారా?" అని అడిగారు.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే 1970 ప్రాంతంలో మా నాన్నగారు మా ఊరి హెడ్మాస్టరుగారిని సరిగ్గా ఇదే ప్రశ్న అడిగారు. "లెక్కలు వచ్చినవాడికి బ్యాంకులో గుమాస్తా పనైనా దొరక్కపోదులెండి" అన్నారాయన. ఆనాడు ఆ చదువు గురించి మా ఊళ్ళో తెలిసినదంతా అంతే. నేను 1974లో గణాంక శాఖలో చేరి 2008లో రిటైరయ్యాను. ముప్పైనాలుగేళ్ళు అదే అన్నం తిన్నాను. అయినా మిత్రుని ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఈ ఉద్యోగాలు ఎట్లా పుట్టాయో చెబితేగాని ఇకముందు ఉంటాయో ఉండవో చెప్పడం కుదరదు. కనుక ఈ వ్యాసమే ఆయనకు నా జవాబు.

అణాల లెక్క

బ్రిటిషువారి కాలంలో మన దేశంలో లెక్కలకు కొదవలేదు. 1872లో మొదటి జనాభా లెక్కలు, 1881 నుంచి పదేళ్ళకోసారి దేశమంతటా ఒకేసారి జనాభా లెక్కలు జరిగాయి. భూమి శిస్తు కోసం గ్రామాల్లో కరణాలు అడంగళ్ళు వ్రాసేవారు. తెలంగాణలో అదే పహాణీ. ఏ సర్వే నెంబరులో ఏ పైరు ఉన్నదో కరణంగారి దస్త్రంలో ఉండేది. లెక్కలు వ్రాసేవారు ఊరూరా ఉన్నారు గాని, లెక్కల శాస్త్రం చదివినవారితో మాత్రం ఎవరికీ పని పడలేదు.

పంట ఎంత పండిందో చెప్పే పద్ధతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పూర్తి పంట పదహారణాలు. ఈ ఏడు పన్నెండణాల పంట, ఆ పక్క ఫిర్కాలో ఎనిమిదణాల పంట అని కంటితో చూసి అంచనా వేసేవారు. చూసేవారి కన్ను ఎట్లాంటిదో అంచనా కూడా అట్లాంటిదే. శిస్తు తగ్గించవలసి వస్తుందని అధికారి కంటికి పంట ఎక్కువ కనిపించేది. రెమిషను కావలసిన రైతు కంటికి తక్కువ కనిపించేది. నిజం ఎక్కడో మధ్యలో ఉండేది.

ఈ కంటి అంచనా పనికిరాదని మొట్టమొదట పరీక్షించి చూపినవారిలో జె.ఎ. హబ్బాక్ అనే ఐ.సి.ఎస్. అధికారి ఒకరు. బీహారు, ఒరిస్సా ప్రాంతంలో 1923 నుంచి వరి పొలాల్లో ఇష్టం వచ్చినచోట కాకుండా యాదృచ్ఛికంగా, అంటే చీటీ వేసినట్లుగా, స్థలం ఎంచి, అక్కడి చిన్న ముక్క కోసి తూచి దిగుబడి లెక్కకట్టారు. 1927లో ఆ ఫలితాలను ప్రచురించారు. మరోవైపు 1925లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి అధ్యక్షతన ఏర్పడిన ఆర్థిక విచారణ సంఘం, దేశంలో గణాంక సేకరణ ఒక పద్ధతి ప్రకారం జరగాలని చెప్పింది. అవసరం ఉన్నదని తెలిసింది. ఆ పని చేయగల మనుషులే లేరు.

కాలేజీలో ఒక గది

ఆ మనుషులను తయారు చేసినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. చదివినది భౌతిక శాస్త్రం. 1915లో కేంబ్రిడ్జిలో చదువు ముగించుకొని ఇంటికి బయలుదేరబోతే, యుద్ధం వలన ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో ఒక అధ్యాపకుడు ఆయనకు 'బయోమెట్రికా' అనే గణాంక పత్రిక చూపించారు. మహలనోబిస్ దాని సంపుటాలన్నీ కొనుక్కొని ఓడలోనే చదవడం మొదలుపెట్టారట. ఓడ వేళకు వచ్చి ఉంటే మన దేశంలో గణాంక శాస్త్రం కథ వేరుగా ఉండేదేమో!

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన పాఠం చెప్పేది భౌతిక శాస్త్రమే. అక్కడే ఒక గదిలో గణాంక ప్రయోగశాల మొదలైంది. 1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. మొదటి ఏడాది దాని మొత్తం ఖర్చు 238 రూపాయలు. సిబ్బంది అంటే పూర్తికాలం కూడా పనిచేయని ఒక 'కంప్యూటర్'. మన మనవలు చదివితే ఆ రోజుల్లోనే కంప్యూటరా అని ఆశ్చర్యపోతారు. అప్పట్లో కంప్యూటర్ అంటే కూర్చొని కూడికలు, గుణకారాలు చేసే మనిషి! అది ఉద్యోగం పేరు. మన దేశంలో గణాంక శాస్త్రంతో వచ్చిన మొదటి ఉద్యోగాల్లో అది ఒకటి.

ఆ సంస్థకు పేరు తెచ్చినది బెంగాలు జనపనార. ఎన్ని ఎకరాల్లో నార వేశారో, ఎంత పండుతుందో ముందుగా తెలియకపోతే ధర కుప్పకూలేది. 1937 నుంచి మహలనోబిస్ శాంపిల్ సర్వేలు మొదలుపెట్టారు. ప్రతి పొలమూ తిరిగి వ్రాసిన లెక్క కంటే, కొన్ని పొలాలనే ఎంచి శ్రద్ధగా చూసిన లెక్క వాస్తవానికి దగ్గరగా వచ్చిందని ఆ సర్వేల్లో తేలింది. ఖర్చు కూడా ఎన్నో రెట్లు తక్కువ. అన్నం ఉడికిందా లేదా అని చూడడానికి కుండంతా పిసకనక్కరలేదు, ఒక మెతుకు పట్టుకుంటే చాలునని మన ఇళ్ళలో ఆడవారికి ఎప్పుడో తెలుసు. అయితే కుండను బాగా కలియబెట్టి మెతుకు తీయాలి. గణాంక శాస్త్రమంతా ఆ కలియబెట్టడంలోనే ఉన్నది.

ఉద్యోగం దొరకని మన పట్టభద్రుడు

ఇక మన తెలుగువారి కథకు వస్తాను. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న అప్పటి బళ్ళారి జిల్లా హడగలిలో పుట్టారు. ఎనిమిదవ సంతానం కనుక శ్రీకృష్ణుని పేరు పెట్టారు. తండ్రిగారిది పోలీసు శాఖలో బదిలీల ఉద్యోగం. అందువలన పిల్లవాని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరకు విశాఖపట్నం చేరింది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున 4 గంటలకే లేచి, దీపం వెలిగించి, కొడుకును చదువుకు కూర్చోబెట్టేవారు. రావుగారు తరువాత ఒక పుస్తకాన్ని ఆమెకు అంకితమిస్తూ ఈ విషయం చెప్పుకున్నారు.

1940లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఆనర్సు ప్రథమ శ్రేణిలో ప్రథమునిగా ఉత్తీర్ణులయ్యారు. మరి ఉద్యోగం? అది మాత్రం దొరకలేదు! పరిశోధనకు స్కాలర్‌షిప్ అడిగితే, దరఖాస్తు గడువు దాటి చేరిందని తిరస్కరించారు. అవి యుద్ధపు రోజులు. సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుని ఉద్యోగం ఉన్నదని తెలిసి, ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్ళారు. అదీ రాలేదు. అయితే కలకత్తాలో బసచేసిన చోట, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒక వ్యక్తి పరిచయమయ్యాడు. అదేమిటో చూద్దామని రావుగారు ఆ సంస్థకు వెళ్ళారు. ఆ చదువు చదివితే ఏదైనా ఉద్యోగం దొరకవచ్చునని తోచింది. 1941 జనవరి 1న అందులో చేరారు.

మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. ప్రథమ శ్రేణిలో ప్రథముడు, ఇరవై ఏళ్ళవాడు, ఇంటికి అంత దూరంలో, ఉద్యోగం రాక, ఒక కొత్త చదువులో చేరాడు. ఆ ఏడే కలకత్తా విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రంలో ఎం.ఏ. ప్రారంభమైంది. 1943లో రావుగారు దానిలోనూ ప్రథములై బంగారు పతకం అందుకున్నారు. వెంటనే అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

ఒకనాడు తరగతిలో వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి ఒక సందేహం అడిగాడు. పెద్ద శాంపిళ్ళకు ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న శాంపిళ్ళకు కూడా వర్తిస్తుందా అని. మాస్టారికి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఆ రాత్రి కూర్చొని సాధించి, మర్నాడు తరగతిలో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే నేడు ప్రపంచమంతా క్రామర్-రావు అసమానత అని పాఠంగా చదువుకుంటున్నది. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు. ప్రశ్న అడిగిన దండేకర్ కూడా సామాన్యుడు కాడు. నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో భారతదేశంలో పేదరికం మీద వ్రాసిన అధ్యయనం ప్రసిద్ధమైనది.

రావుగారు తరువాత కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద 1948లో డాక్టరేటు పొంది, తిరిగి వచ్చి దశాబ్దాలపాటు అదే సంస్థలో ఎందరినో తీర్చిదిద్దారు. అరవయ్యో ఏడు దగ్గరపడుతుండగా అమెరికా వెళ్ళి, అక్కడ మరి కొన్ని దశాబ్దాలు పనిచేశారు. 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా ప్రభుత్వపు జాతీయ విజ్ఞాన పతకం వచ్చాయి. 1945 నాటి ఆ పనికి 2023లో, 102 ఏళ్ళ వయస్సులో, అంతర్జాతీయ గణాంక బహుమతి ప్రకటించారు. ఆ ఆగస్టు 22నే కన్నుమూశారు. రిటైరయ్యాక ఏముందిలే అనుకునే మనబోటివారు తలచుకోవలసిన జీవితం.

ఉప్పు చెప్పిన లెక్క

గణాంక శాస్త్రజ్ఞునికి జీతం ఎందుకివ్వాలో 1947లో ఢిల్లీలో తేలిపోయింది. దేశ విభజన అల్లర్లలో ప్రాణభయంతో వేలాదిమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వారికి భోజనం పెట్టే పని ప్రభుత్వం కంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. ఆ పరిస్థితిలో లోపలికి వెళ్ళి లెక్కపెట్టే వీలు లేదు. కంట్రాక్టర్ల బిల్లులు మాత్రం పెరిగిపోతున్నాయి. ఎంతమంది ఉన్నారో చెప్పండని ప్రభుత్వం గణాంక నిపుణులను అడిగింది.

వారి చేతిలో ఉన్నవి బిల్లులే. రోజుకు ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అని. ఒక మనిషి రోజుకు ఎంత బియ్యం తింటాడో, ఎంత ఉప్పు తింటాడో అంతకుముందు జరిపిన సర్వేల వలన తెలుసు. భాగించి చూశారు. బియ్యం లెక్కన జనం చాలా ఎక్కువ వచ్చారు. ఉప్పు లెక్కన చాలా తక్కువ వచ్చారు. ఏది నిజం? ఆ రోజుల్లో బియ్యం ఖరీదైనది, ఉప్పు బాగా చవక. దొంగలెక్క వ్రాసేవాడు బియ్యంలో వ్రాస్తాడుగాని ఉప్పులో వ్రాస్తే ఏం మిగులుతుంది? కనుక ఉప్పు లెక్కే నిజానికి దగ్గర అని నిర్ణయించారు. హుమాయూన్ సమాధి వద్ద ఉన్న చిన్న శిబిరంలో జనసంఖ్య సుమారుగా తెలుసు గనుక అక్కడ ఈ పద్ధతి సరిచూస్తే సరిపోయింది. జె.ఎం. సేన్‌గుప్తాగారి ఆలోచన ఇది. రావుగారు తన పుస్తకంలో దీనిని వివరంగా చెప్పారు.

లెక్క చేయడం ఎవరికైనా వస్తుంది. ఏ అంకెను నమ్మాలో, ఏ అంకె వెనుక ఎవరి లాభం ఉన్నదో కనిపెట్టడమే ఈ వృత్తి.

ప్రణాళికల కాలం

స్వాతంత్ర్యం వచ్చాక ఉద్యోగాలు నిజంగా పుట్టాయి. ప్రణాళిక వేయాలంటే జనం ఏం తింటున్నారో, ఎంత సంపాదిస్తున్నారో తెలియాలి గదా! 1949లో మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘం, 1950లో జాతీయ శాంపిల్ సర్వే, 1951లో కేంద్ర గణాంక సంస్థ ఏర్పడ్డాయి. 1961లో ఐ.ఏ.ఎస్. లాగానే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు అనే కేంద్ర సర్వీసు కూడా ఏర్పడింది. రాష్ట్రాల్లో అర్థగణాంక శాఖలు, జిల్లా కార్యాలయాలు, సమితుల్లో ప్రోగ్రెస్ అసిస్టెంట్లు వచ్చారు. పదేళ్ళ క్రితం పేరే లేని చదువుకు దేశమంతటా కుర్చీలు వెలిశాయి.

సర్వే ఉద్యోగులు పల్లెకు వెళితే ఒకరు సోలలు, తవ్వలు అనేవారు, మరొకరు కుంచాలు, మానికలు, ఇంకొకరు పుట్లు. ఒక ఊరి కుంచం ఇంకొక ఊరి కుంచం కాదు. వాటన్నిటినీ ఒక కొలతలోకి తేవడం ఒక యజ్ఞం. మా రోజుల్లోనూ చేత్తో తిప్పే లెక్కల మిషను, లాగరిథమ్ పట్టికలు, పెద్ద పెద్ద టేబులేషను షీట్లే మా ఆస్తి. నిలువు కూడిక, అడ్డ కూడిక కలవకపోతే ఆ రాత్రి ఇంటికి పోయేది లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇంతకాలం మా ఇంట్లో తప్ప బయట ఎవరికీ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను వరి పంటకోత ప్రయోగానికి పంపారు. పద్ధతి ఇది. గ్రామాన్ని, సర్వే నెంబరును యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి ఎంచుతారు. ఆ పొలంలో నైరుతి మూల నిలబడి, పట్టిక చెప్పినన్ని అడుగులు పొడవుకు, అన్ని అడుగులు వెడల్పుకు నడిచి, అక్కడ మేకు దిగగొట్టి 5 మీటర్ల చదరం కొలవాలి. దానిలోని పంట కోసి, నూర్చి, తూచాలి. ఆ చదరం 25 చదరపు మీటర్లు గనుక, వచ్చిన తూకాన్ని 400 తో గుణిస్తే హెక్టారు దిగుబడి.

నాకు వచ్చిన అంకెల ప్రకారం స్థలం పొలం మధ్యలో చౌడు దిగిన చోట పడింది. ఎండ మండిపోతోంది. అక్కడిదాకా బురద. గట్టు పక్కన పైరు బంగారంలా ఉన్నది. ఆసామి కూడా, "బాబూ, ఇక్కడ కోసుకోండి, అక్కడేముంది గడ్డి తప్ప" అన్నాడు. పాపం, తన పొలానికి పేరు రావాలని ఆయన ఆశ. నేను గట్టు పక్కనే మేకు కొట్టాను. 9 కిలోలు తూగింది. హెక్టారుకు 3,600 కిలోలని వ్రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే మా పై అధికారి తనిఖీకి వచ్చారు. నా పుస్తకం తీసుకొని అంకెలు చూశారు. ఏమీ అనకుండా చెప్పులు విడిచి, నైరుతి మూల నుంచి తానే అడుగులు లెక్కపెట్టుకుంటూ బురదలో నడిచారు. చౌడు దగ్గర ఆగి నన్ను పిలిచారు. అక్కడ మళ్ళీ కొలిపించి కోయించారు. 4 కిలోలు. అంటే 1,600.

ఆయన నన్ను తిట్టలేదు. మెమో ఇవ్వలేదు. "నువ్వు ఈ ఒక్క పొలం కోశాననుకున్నావు. ఈ చదరం వెనుక ఈ తాలూకాలోని వేల ఎకరాలు నిలబడి ఉన్నాయి. వాళ్ళెవరూ ఇక్కడికి వచ్చి మాట్లాడలేరు. వాళ్ళ తరఫున మాట్లాడేది నీ మేకు ఒక్కటే" అన్నారు. ఆ సాయంత్రం బస్సు దొరికేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ తరువాత ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను మేకు మరి జరపలేదు.

1985లో సమగ్ర పంటల బీమా పథకం వచ్చాక ఆ మాట పూర్తి అర్థం నాకు తెలిసింది. ఆ పథకంలో పరిహారం ఒక్కొక్క రైతు పొలం చూసి ఇచ్చేది కాదు. ఆ ప్రాంతంలో చేసిన పంటకోత ప్రయోగాల సగటు దిగుబడి చూసి ఇచ్చేది. అంటే బద్ధకించి గట్టు పక్కన మేకు కొట్టినవాడు, తనకు తెలియకుండానే, ఎండిపోయిన వందల కుటుంబాల నోటి దగ్గర కూడు తీసినవాడవుతాడు. 2016లో వచ్చిన ఫసల్ బీమాలోనూ ఆధారం ప్రధానంగా ఈ ప్రయోగాలే. ఇప్పుడు స్థలం గుర్తులతో సెల్‌ఫోనులో ఫొటో తీసి పంపాలి. మంచిదే. అయితే ఫోను చేతిలో ఉన్నవాడికి కూడా ఎండ ఎండే, బురద బురదే.

మన డి.ఆర్. వెనుక ఎవరున్నారు?

పంటల సంగతి మనకెందుకు అనుకునే మిత్రులకు, మనందరికీ దగ్గరైన లెక్క ఒకటి చెబుతాను. మనం ఆరు నెలలకోసారి ఎదురుచూసే కరువు భత్యం ఎక్కడిది? పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ నుంచి వచ్చినది. దానిని తయారుచేసేది 1946లో ఏర్పడిన లేబర్ బ్యూరో. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు వంటి ఎంపిక చేసిన కేంద్రాల్లో, నియమించిన అంగళ్ళకు, నియమించిన రోజున ఒక ఉద్యోగి వెళ్ళి బియ్యం ఎంత, కందిపప్పు ఎంత, మంగలి కూలి ఎంత అని అడిగి వ్రాసుకొస్తాడు. ఆ చీటీలన్నీ కలిసి సూచీ అవుతుంది. ఏడవ వేతన సంఘం తరువాత కేంద్ర పెన్షనర్లకు 12 నెలల సగటు సూచీ 261.42 కంటే ఎంత శాతం పెరిగిందో అంత డి.ఆర్. ఇచ్చే పద్ధతి నడిచింది. ఆ చిరుద్యోగి అంగడికి వెళ్ళకుండా కిందటి వారం ధరే ఎక్కించాడనుకోండి, నష్టపోయేది మనం.

ఈ సూచీకి ఆధార సంవత్సరం 1960, తరువాత 1982, తరువాత 2001, ఆపైన 2016. ప్రతిసారీ కార్మిక కుటుంబాల ఖర్చు సర్వే చేసి బరువులు మారుస్తారు. 2001 శ్రేణిలో ఆహారానికి వందకు 46.2 బరువు. 2016 శ్రేణిలో అది 39.17 అయింది. కాని గమనించండి, ఆ బుట్ట పనిచేసే కార్మిక కుటుంబానిది. బి.పి. మాత్రలు, కంటి ఆపరేషను, మోకాళ్ళ నొప్పులు నిండిన మన బుట్ట కాదు. పెన్షనరు ఖర్చుకు తగిన సూచీ వేరే ఉండాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలన్నా ఒక సర్వే చేయాలి. ఆ సర్వే చేయడానికి చదువుకున్న పిల్లలు కావాలి. మిత్రుని మనవరాలి చదువు మనకు సంబంధం లేనిది కాదని నేననేది ఇందుకే.

ఇక నేటి మాట

ప్రభుత్వం బయట కూడా ఈ విద్యకు చోటు పాతదే. అమెరికా నిపుణుడు షూహార్ట్ 1947-48లో మన దేశానికి వచ్చిన తరువాత ఫ్యాక్టరీల్లో నాణ్యతా నియంత్రణ పద్ధతులు ఊపందుకున్నాయి. 1956లో ఎల్.ఐ.సి. ఏర్పడింది. ఎంత వయస్సువానికి ఎంత ప్రీమియం అని నిర్ణయించే యాక్చువరీ వృత్తి పూర్తిగా ఈ శాస్త్రం మీదే నిలిచింది. ఆ పరీక్షలు పూర్తి కావడానికి ఏళ్ళు పడతాయి. పూర్తి చేసినవారు తక్కువ గనుకనే వారికి గిరాకీ. రిజర్వు బ్యాంకులో గణాంకాలకు ప్రత్యేక విభాగమే ఉన్నది.

1956లో కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు మన దేశపు మొదటి డిజిటల్ కంప్యూటరు బ్రిటన్ నుంచి వచ్చింది. అంటే ఉద్యోగం పేరుగా ఉన్న 'కంప్యూటర్' పాతికేళ్ళకు యంత్రం పేరైంది. యంత్రం వచ్చింది, ఇక గణాంకుడికి పని లేదని అప్పుడూ అన్నారు. జరిగినది వేరు. కూడికలు చేసేవారి పని పోయింది. ఏమి కూడాలో, ఎందుకు కూడాలో తెలిసినవారి పని పెరిగింది. నేడు కృత్రిమ మేధ గురించి అదే మాట వింటున్నాము. డేటా సైన్స్ అని కొత్త పేరుతో పిలుస్తున్న దానిలో సగానికి పైగా మన పాత గణాంక శాస్త్రమే. మన హైదరాబాదులోనే చూడండి. మందుల కంపెనీల ప్రయోగ ఫలితాలు తేల్చడానికి, బ్యాంకుల అప్పుల నష్టభయం లెక్కకట్టడానికి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పంటల పరిశోధనకు, జాతీయ పోషకాహార సంస్థ సర్వేలకు, అన్నిటికీ ఈ చదువు కావాలి. రావుగారి పేరిట 2007లో ఏర్పడిన సంస్థ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్నది.

మరి మిత్రుని ప్రశ్నకు జవాబు? అమ్మాయికి లెక్కలంటే నిజంగా ఇష్టముంటే నిస్సంకోచంగా చేర్పించండి. డిగ్రీతోనే ఆగితే పోటీ ఎక్కువ. ఎం.ఎస్సీ. దాకా చదివిస్తే మంచిది. కలకత్తా సంస్థలో బి.స్టాట్. ప్రవేశ పరీక్ష కష్టమైనది, అయినా వ్రాయించండి. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు యు.పి.ఎస్.సి., కేంద్రంలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్లకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రాష్ట్రంలో అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్లకు సర్వీసు కమిషన్లు పరీక్షలు పెడతాయి. అర్హతలు నోటిఫికేషన్ చూసి సరిచూసుకోండి. ప్రభుత్వ ఉద్యోగాలు అన్నిచోట్లలాగే ఇక్కడా పరిమితమే, అది దాచి చెప్పను. కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయడం తప్పనిసరిగా నేర్చుకోమనండి. దానితోపాటు చక్కని తెలుగులో, ఇంగ్లీషులో నాలుగు మాటలు వ్రాయడం కూడా. అంకె అర్థం నలుగురికీ చెప్పలేనివాడి లెక్క ఫైలులోనే ఉండిపోతుంది.

ఈ విద్యలో ఉద్యోగాలు ఎవరో ముందుగా సిద్ధం చేసి పెట్టినవి కావు. కరువు వచ్చినప్పుడు, జనపనార ధర పడినప్పుడు, శరణార్థులకు అన్నం పెట్టవలసి వచ్చినప్పుడు, ప్రణాళిక వేయవలసి వచ్చినప్పుడు, అప్పటికప్పుడు పుట్టాయి. దేశానికి ప్రశ్నలు ఉన్నంతకాలం ఈ ఉద్యోగం ఉంటుంది. 1940లో ఉద్యోగం దొరకక కలకత్తా వీధుల్లో తిరిగిన మన విశాఖ కుర్రవాడికి కూడా ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఒక్కటి మాత్రం ఆ అమ్మాయికి నా మాటగా చెప్పండి. ఎంత పెద్ద జీతం వచ్చినా, ఏ దేశంలో కూర్చున్నా, అంకె ఎక్కడ పడితే మేకు అక్కడే కొట్టమనండి. బురద అయినా సరే.

ఆ చిరంజీవికి నా ఆశీస్సులు. మన సంఘ సభ్యుల ఇళ్ళలో ఈ చదువు చదువుతున్న పిల్లలెవరైనా ఉంటే నెలవారీ సమావేశానికి వెంటబెట్టుకొని రండి. నాకు తెలిసినది చెప్పడానికి ఎప్పుడూ సిద్ధమే.